రెండు వందల ముప్ఫై ఏడో వరుస

ఆఫీసులో అందరూ ఆయన్ని గళ్ళాయన అంటారు. వెనకాలే అంటారు గానీ, ఆయనకి తెలియక కాదు. రైళ్ళ శాఖ లెక్కల విభాగంలో, మూడో అంతస్తు చివరి గదిలో కూర్చుని ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేస్తున్నది గళ్ళు నింపడమే. పట్టాల మీద ఎవరు పోయినా స్టేషను నుంచి ఒక కాగితం వస్తుంది. తేదీకో గడి, గంటకో గడి, కిలోమీటరు రాయికో గడి, కారణానికో గడి. ముందు దళసరి రిజిస్టరులో ఎక్కించి, తర్వాత కంప్యూటర్లో కొడతాడు. ఏడాదికోసారి ఆ మొత్తాలు శాఖ వెబ్‌సైట్లో పెడతారు. ఎక్కడ పెడతారయ్యా అంటే, టెండర్ల కింద, సెలవుల జాబితా కింద, నాలుగుసార్లు నొక్కితే ఒకసారి తెరుచుకునే చోట. అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమే. కాకపోతే దాని ఆచూకీ తెలిసినవాడు లోకంలో ఆయనొక్కడే.

ఆయనకో చాదస్తం ఉంది. రైలు రైలును గుద్దుకున్నా, పట్టాలు తప్పినా అది ప్రమాదం. రైలు మనిషిని గుద్దితే అది సంఘటన. రెండూ వేరువేరు పట్టికలు. ఎవరైనా ఫోను చేసి "ఫలానా ప్రమాదంలో" అని మొదలుపెడితే చాలు, "ప్రమాదం కాదండీ, సంఘటన" అని దిద్దుతాడు. అవతల మాట్లాడేది పోయినవాడి కొడుకైనా సరే, దిద్దుతాడు. చెడ్డవాడని కాదు. రూలు అలా ఉంది, ఆయన దానికి అలవాటుపడ్డాడు. అలవాటుపడ్డ మనిషిని మించిన మొండిఘటం ఉండడు.

పట్టాల కింద కంకర సర్దుతూ, బోల్టులు బిగిస్తూ పోయిన గ్యాంగు మనుషులకి కారణం గడిలో ఒకటే మాట పడుతుంది: స్వీయ అజాగ్రత్త. కంప్యూటరు చూపించే జాబితాలో ఇంకో అయిదు మాటలున్నాయి గానీ, పై నుంచి వచ్చే కాగితంలో ఎప్పుడూ ఇదే ఉంటుంది. ఆయన ఆ మాట వందల సార్లు కొట్టాడు. వేళ్ళు వాటంతటవే పోతాయి, బుర్రతో పనిలేదు.

ఎనిమిదేళ్ళ కిందట అలాంటి కాగితమే ఒకటి తమ్ముడి పేరుతో వచ్చింది. తమ్ముడూ గ్యాంగులోనే పనిచేసేవాడు. ఆ రోజు నుంచి ఆయన లోపల ఏదో మొద్దుబారిపోయింది. అన్నం తింటాడు, కూరలో ఉప్పు లేకపోయినా తెలియదు. ఎవరైనా జోకేస్తే నవ్వుతాడు, అందరూ ఆపాక కూడా నవ్వుతూనే ఉంటాడు. దుఃఖం అంటారా? దుఃఖమైతే ఏడుపొచ్చేది. రాలేదు.

మొన్న మంగళవారం విశ్వవిద్యాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. రైలు ప్రమాదాల మీద పరిశోధనట. వెబ్‌సైట్లో మొత్తాలు సంపాదించింది. ఆ సంపాదించినందుకే డాక్టరేటు ఇచ్చెయ్యొచ్చు. ఇప్పుడు ఆ మొత్తాల వెనక ఉన్న వరుసలు కావాలంది. పైఅధికారి సంతకంతో కాగితం తెచ్చింది, ఆ ఒక్క రోజుకే అనుమతి.

"ప్రమాదాల పట్టికా, సంఘటనల పట్టికా?" అన్నాడు గళ్ళాయన.

"చనిపోయినవాళ్ళు ఎందులో ఉంటే అది సార్."

ఆయన రిజిస్టరు తీసి ఆమె ముందు పెట్టి, కంప్యూటరు అటు తిప్పాడు. అమ్మాయి స్కేలు అడ్డం పెట్టుకుని ఒక్కో వరుసా రెండింటిలోనూ సరిచూడటం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్ళలో అలా చూసినవాళ్ళు లేరు. ఆయన టీ తాగాడు. కిటికీ అద్దం తుడిచాడు. మధ్యాహ్నం మూడింటికి స్కేలు ఆగింది.

"సార్, రిజిస్టరులో నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. మీ మొత్తంలో నాలుగు వందల పదకొండే. రెండు వందల ముప్ఫై ఏడో ఆయన ఏమయ్యాడండీ?"

ఏమయ్యాడో ఆయనకి తెలుసు. ఆ కాగితం వచ్చిన రోజు పేరు కొట్టాడు, తేదీ కొట్టాడు, గంట కొట్టాడు. కారణం దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు కదల్లేదు. గ్యాంగు పనిచేస్తుంటే ఒక మనిషి ఎర్రజెండా, విజిలు పట్టుకుని రైలు వస్తోందేమో చూస్తూ నిలబడాలి. అతను పోయిన రోజు పెద్దాఫీసరు వస్తున్నాడని ఆ జెండా మనిషిని ప్లాట్‌ఫారం అంచుకి సున్నం కొట్టడానికి పంపారు. గ్యాంగు మేస్త్రీ ఆసుపత్రి గేటు దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని చెప్పిన మాట అది. కాగితంలో మాత్రం ఎప్పటి మాటే ఉంది. తమ్ముడి మీద ఆ నింద తన చేత్తో వెయ్యలేక రిజిస్టరులోనూ కంప్యూటర్లోనూ ఆ గడి ఖాళీగా వదిలేశాడు. ఖాళీ గడి ఉన్న వరుసను యంత్రం మొత్తంలోకి తీసుకోదని ఆ శాఖలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. మరునాడు గుర్తొచ్చింది. అయినా ముట్టుకోలేదు. నింద తప్పించబోయి తమ్ముణ్ణి పోయినవాళ్ళ లెక్కలోంచే తీసేశాడు.

"గడి ఒకటి ఖాళీగా ఉండిపోయిందమ్మా," అన్నాడు.

"ఎవరండీ ఆయన?"

"గ్యాంగు మనిషి." రిజిస్టరు తనవైపు తిప్పుకున్నాడు. "మా తమ్ముడు."

అమ్మాయి స్కేలు కింద పెట్టింది.

"సార్, కారణం గడి నేను అసలు వాడను," అంది. "గ్యాంగువాళ్ళందరికీ ఒకటే కారణమంటే అది కారణమే కాదు. గంట, చోటు చాలు నాకు. ఆయన లెక్కలో ఉంటే మంచిదనిపిస్తోంది. తర్వాత మీ ఇష్టం."

నాలుగున్నరకి ఆమె అనుమతి అయిపోతుంది. గళ్ళాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గడి మీద నొక్కితే ఆరు మాటల జాబితా కిందికి దిగింది. జెండా మనిషి లేడన్న మాట అందులో లేదు, ఉంటుందనీ ఆయన అనుకోలేదు. వేలు పాత దారినే వెళ్ళింది. మొత్తం నాలుగు వందల పన్నెండు అయింది. అమ్మాయి ఫైలు కాపీ చేసుకుని, రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయింది. ఆయనకి తేలిగ్గానూ లేదు, బరువుగానూ లేదు.

తమ్ముడి భార్య ఆయన ఉండే ఇంట్లోనే కింది వాటాలో ఉంటుంది. బట్టలు కుడుతుంది. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ అక్కడ ఆగి, మంచినీళ్ళు తాగి పైకి వెళ్ళడం ఆయనకి అలవాటు. ఆ రోజు గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"వాణ్ణి ఇవాళ లెక్కలో కలిపానమ్మా. ఇన్నాళ్ళూ లేడు. నా వల్లే లేడు," అని జరిగిందంతా చెప్పాడు.

ఆమె మిషను ఆపలేదు. జాకెట్టు చెయ్యి కుట్టు చివరిదాకా వచ్చాక దారం తెంపింది.

"కారణం ఏమని రాశారు బావగారూ?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమె ఆ టెండర్ల కిందికి వెళ్ళి చూడబోయేది లేదు.

"అందరికీ రాసినట్టే."

"అజాగ్రత్త అనా?"

"వేరే మాటకి అక్కడ గడి లేదమ్మా. జాబితాలో ఉన్నవి ఆరే."

"గడి లేకపోతే పోనివ్వండి," అంది. గొంతులో కోపం కూడా లేదు. "ఆ అమ్మాయి మీ ఎదురుగానే కూర్చుందిగా. జెండా మనిషిని సున్నానికి పంపారని నోటితో చెప్పడానికి మీరున్నారుగా బావగారూ."

గళ్ళాయన గ్లాసు మిషను పక్కన పెట్టాడు.

"ఉన్నానమ్మా," అన్నాడు. "పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాను."