పొద్దు మునిగాక నీడ ఎక్కడిది

నా చిన్నప్పుడు మా వాడలో పొద్దు వాలిందంటే దండేల మీద చంటిపిల్లల బట్ట ఒక్కటి కూడా కనిపించేది కాదు. పెద్దవాళ్ళ చీరలు, పంచెలు తెల్లవార్లూ వేలాడినా ఎవరూ పట్టించుకోరు. పొత్తిగుడ్డలు మాత్రం ఆరినా ఆరకపోయినా లోపలికి చేరాలి. గూళ్ళకు పోయే పక్షుల నీడ వాటి మీద పడితే, లేదా నేరుగా బిడ్డ మీద పడితే, ఆ బిడ్డకు పక్షిదోషం తగులుతుందని, రోజురోజుకూ ముడుచుకుపోయి పిట్టపిల్లంత అయి చనిపోతుందని అందరి నమ్మకం. మాది నడిగూడెం దగ్గర ఒక ఊరు. కాలువ నీళ్ళు వచ్చి వరి పెరిగింది, వరితో పాటు కొంగలు పెరిగాయి, కొంగలతో పాటు ఈ భయమూ పెరిగింది.

అప్పుడు నేను ఆరో తరగతి. మా తమ్ముడికి ఎనిమిదో నెల. మా నాయన మేళ్లచెరువులో సున్నపురాయి పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. అమ్మ నాట్లకు పోయేది. పగలంతా తమ్ముణ్ణి మా నాయనమ్మ చూసేది, బడి వదిలాక వాడు నా వాడు. చంకలో వాణ్ణి పెట్టుకునే నేను తొక్కుడుబిళ్ళ ఆడేదాన్ని. ఎక్కడికి తీసుకుపోయినా పొద్దు మునగకముందే ఇల్లు చేరాలని నాయనమ్మ ఆజ్ఞ.

ఒకరోజు చేరలేదు. కాలువ కట్ట మీద ఆటలో పడి మర్చిపోయాను. ఆకాశం ఎర్రబడ్డాక తల ఎత్తితే కొంగల బారు మా మీదుగా పోతోంది. భయపడాల్సింది పోయి నేను వాడికి వేలు పెట్టి చూపించాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. వాడు నోరు తెరిచి పైకి చూసి నవ్వాడు. ఇంటికి పరుగెత్తి వచ్చాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

వారం తిరక్కుండానే వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. తొడల మీద చర్మం వదులై మడతలు పడింది. ముఖంలో కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. నాయనమ్మ ఆ చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి చూసి, "ఇది పక్షిదోషమే" అని తేల్చేసింది. అమ్మ వైపు తిరిగి, "పొద్దుగూకినంక గుడ్డలు దండెం మీద మర్చినవ్. నాట్ల మీద ఉన్న సోయి పోరని మీద ఉంటే గదా" అంది. అమ్మ మర్చిపోలేదని ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పలేదు. నేను తలుపు వెనక నిలబడి ఆ మాటలు వింటున్నాను. నా మీద పడాల్సిన నింద అమ్మ మీద పడింది. పడనిచ్చాను.

పక్క ఊరి నుంచి మంత్రం వేసే పెద్దమనిషిని పిలిపించారు. ఆయన మోసగాడని నేను అనను. కొబ్బరికాయ, తాంబూలం తప్ప ఏమీ ముట్టలేదు. తాను వేసే మంత్రాన్ని అందరికంటే ఎక్కువ నమ్మినవాడు ఆయనే, అదే ఎక్కువ ప్రమాదం. వేపమండతో దిగదుడిచి, ఏడు ముళ్ళు వేసిన దారం మెడలో కట్టాడు. మూడు ఆదివారాలు మంత్రం పడాలి. ఆ లోపల సూది తగిలితే మంత్రం తిరగబడి బిడ్డ దక్కడు. చిక్కటి పాలు పడవు, నీళ్ళు బాగా కలిపి పట్టండి. ఇవీ ఆయన చెప్పిన షరతులు. అలాగే పట్టారు. కడవలో నీళ్ళు కలిపి పట్టారు.

రెండు ఆదివారాలు గడిచాయి. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అంతవరకు రాత్రీ పగలూ సన్నగా ఏడుస్తుండే తమ్ముడు ఏడుపు మానేశాడు. "గుణం కనపడ్తుంది" అని నాయనమ్మ ఇరుగుపొరుగుకు చెబుతోంది. నేను ఉయ్యాలలోకి వంగి చూశాను. వాడు కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్ను చూడలేదు. వేలు పెడితే పట్టుకోలేదు. మూడో ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయి.

నాకు ఇంట్లో నిలబడబుద్ధి కాలేదు. పక్కింటికి పోయాను. పక్కింటి అక్క సూర్యాపేటలో ఉండి డిగ్రీ చదివి, ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి, మూడోసారి రాయడానికి ఇంట్లో కూర్చుని చదువుతోంది. పెళ్ళి చేస్తామని ఆమె ఇంటివాళ్ళు, పాసయ్యాకనే అని ఆమె. తప్పిన సంగతి దాచుకునే మనిషి కాదు. "నాకు వచ్చిన ఇంగ్లీషు నీకు చెప్త. నాకు రానిది నీకు అంటకుండ సూసుకో" అనేది నవ్వుతూ. రోజూ ఒక మాట చెప్పేది. ఆమె నోటుబుక్కులో ప్రతి పేజీకి నడుమ గీత ఉండేది. ఎడమ పక్కన మాటకున్న అసలు అర్థం. కుడి పక్కన ఆ మాటను మనుషులు వాడుకునే ఇతర అర్థాలు.

ఆ రోజు మాట షాడో.

"ఎడమ దిక్కు రాసినవి కాలితోటి తొక్కొచ్చు" అంది అక్క. "గోడ నీడ, బర్రె నీడ, నీ నీడ. కుడి దిక్కువి తొక్కనీకె రావు. అవి నోట్లెనే ఉంటయి."

కుడి పక్కన మూడు వాక్యాలు ఉన్నాయి. ఒకరి వెంట విడవకుండా తిరిగేవాణ్ణి వాళ్ళ నీడ అంటారట. అనుమానానికి కూడా ఇంగ్లీషులో నీడ ఉంటుందట, అది కూడా లేకుండా నిరూపించాలని కోర్టుల్లో అంటారట. మూడోది, జబ్బు తినేసిన మనిషి గురించి. అతను పోయి అతని నీడ మాత్రమే మిగిలిందని ఆ భాషవాళ్ళు చెప్పుకుంటారని అక్క వివరించింది. నాకు ఉయ్యాల కనిపించింది. ఇక నాకు ఏడుపు ఆగలేదు. కాలువ కట్ట, కొంగల బారు, నేను లెక్కపెట్టడం, వాడు నవ్వడం, అమ్మ తిట్లు తినడం, అన్నీ చెప్పేశాను. తమ్ముణ్ణి నేనే చంపుతున్నానని కూడా చెప్పాను.

అక్క ఓదార్చలేదు. నవ్వనూ లేదు. "కొంగలు పోయినప్పుడు పొద్దు ఉన్నదా, మునిగిందా?" అని అడిగింది.

"మునిగింది."

"నిజంగనేనా?"

"మునిగిందక్కా. మొత్తం ఎర్రగ అయింది. కొంగలు అప్పుడే గద పోయేది."

అక్క పుస్తకం మూసింది. "అయితే నడువు" అంది.

మేము కట్ట ఎక్కేసరికి పొద్దు ఇంకా బెత్తెడు ఎత్తులో ఉంది. మా నీడలు పొలాల మీద తాటిచెట్లంత పొడవున పడుకుని ఉన్నాయి. నా నీడను తప్పించుకోనివ్వకుండా చూస్తుండమంది అక్క. నేను దాని మీదే కళ్ళు పెట్టాను. అది సాగింది, పల్చబడింది, అంచులు చెదిరాయి. ఒక క్షణాన ఉందో లేదో తెలియలేదు. తర్వాత లేదు.

"ఏది నీ నీడ?"

ముందు చూశాను, వెనక చూశాను, ఒక కాలెత్తి పాదం కింద చూశాను. ఎక్కడా లేదు.

"ఎవరన్న ఎత్తుకపోయిన్రా?" అంది అక్క. అంతలో కొంగలు వచ్చాయి. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. "ఉరుకు. వాటి కిందనే ఉరుకు. నీడ ఏడ పడ్డదో నాకు సూపెట్టు."

ఉరికాను. కట్ట దిగి, గట్టు మీద, కొంగలు ఎటు పోతే అటు. తల పైకి, కిందికి తిప్పుతూ ఉరికి మడిలో జారిపడ్డాను. పైన తెల్లటి పొట్టలు కనిపిస్తున్నాయి. కింద బురద ఉంది, నారు ఉంది, నా చేతులు ఉన్నాయి. నీడ లేదు. బారు మొత్తం దాటిపోయింది, ఒక్కదానికీ లేదు.

బురదతో తిరిగి వస్తే అక్క నన్ను తేరిపార చూసి, "ఇంత మనిషివి, నీకే లేకపాయె. శేరు తూగని కొంగకు ఏడికెళ్ళొచ్చె?" అంది. నాకు నవ్వొచ్చింది. పదహారు రోజుల తర్వాత వచ్చిన నవ్వు. కానీ అది గొంతు దాటకముందే ఇంకో భయం పట్టుకుంది. నీడ కాకపోతే తమ్ముడికి ఏమైందని అడిగాను.

"నాకు తెల్వదు" అంది అక్క. "తెలిసినోళ్ళు కోదాడ దవాఖానల ఉన్నరు."

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ జవాబు విలువ నాకు అర్థమైంది. మా ఊళ్ళో తెలియదని చెప్పిన పెద్దమనిషిని అంతవరకు నేను చూడలేదు. అందరికీ అన్నీ తెలుసు. బిడ్డ మాత్రం చనిపోతున్నాడు.

మసక వెలుతురు ఇంకా ఉండగానే ఇంటికి చేరాము. నాయనమ్మ ముందు నిలబడి, వాణ్ణి పొద్దు మునిగాక బయట తిప్పింది నేనేనని చెప్పాను. చెంప మీద ఒకటి పడింది. పడ్డాక ఇంక భయం లేకపోయింది. వాకిట్లోకి వచ్చి నీ నీడ ఏదో చూపించమన్నాను.

"దోషం కండ్లకు కనపడ్తదానే?" అంది నాయనమ్మ.

"నీడన్నవ్ గద నాయనమ్మా. నీడయితే కనపడాలె."

"ఇంగ్లీషు సదివి దీని నోరు లేసింది." ఆమె అక్క మీదికి తిరిగింది. "నీకు పాసు గానీకె వస్తలేదు గని, మా పిల్లకు పాఠాలు చెప్తున్నవా?"

"నేను తప్పింది ఇంగ్లీషులనే అవ్వా" అంది అక్క. "పొద్దు మునిగితే నీడ ఉండదన్నదాంట్ల ఊరంత పాసే."

అప్పటికి అమ్మ నాట్ల నుంచి వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద. నడుచుకుంటూ వాకిటి మధ్యకు పోయింది. తల వంచి తన పాదాల చుట్టూ చూసుకుంది. మెల్లగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ చూసుకుంది. తర్వాత లోపలికి పోయి ఉయ్యాలలోంచి వాణ్ణి తీసి భుజాన వేసుకుంది.

"ఆదివారం దాక నేనాగ, అత్తా."

"సూది పడితే నీ కొడుకు దక్కడు."

"ఇప్పుడు మాత్రం దక్కుతుండా?" అంది అమ్మ.

ఆ రాత్రంతా అమ్మ వాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. తెల్లారి మొదటి బస్సుకు కోదాడ పోయారు. చీటీలు చదవడానికి అక్క వెంట పోయింది. అక్కడి డాక్టరమ్మ మొదట అడిగింది పాలలో ఎన్ని నీళ్ళు కలుపుతున్నారని, ఆ నీళ్ళు కాచినవేనా అని. ఒంట్లో నీరు మొత్తం పోయిందని, ఆదివారం దాకా ఆగి ఉంటే తీసుకొచ్చి లాభం ఉండేది కాదని చెప్పిందట. మూడో ఆదివారం నాడు మా నాయన నన్ను వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. వరండాలో ఉండగానే తమ్ముడి ఏడుపు వినిపించింది, గట్టిగా, కోపంగా. అమ్మ మంచం మీద కూర్చుని, "ఏడ్తుండు, ఇను" అని మాకు చెప్పి, తానూ ఏడ్చింది.

మా నాయనమ్మ క్రూరురాలు కాదు. వాడి కోసం ఆమె ఒక్కపొద్దులు ఉంది. ప్రేమకు లోటు లేని ఇంట్లో బిడ్డ చావుకు దగ్గరైన సంగతే నన్ను ఈ వయసులో కూడా కూర్చోనివ్వదు. కుడి పక్కన రాయాల్సిన నీడను ఎడమ పక్కన రాసుకున్నాం మేము. నోటిలో మాత్రమే ఉన్నదాన్ని నేల మీద ఉన్నట్టు నమ్మాం, నేల వైపు ఒక్కసారి చూడకుండానే. ఫలానావాళ్ళ నీడ పడితే నీళ్ళు మైలపడతాయని మనుషుల్నే ఊరి బయట నిలబెట్టిన వాళ్ళం కూడా మేమే. సూర్యాపేటలో, మిర్యాలగూడలో ఎన్నో సభల్లో ఈ మాటల మీద గొంతు చించుకున్నాను. ఎదుటివాళ్ళు కోపగించుకున్నారు, కొందరు కుర్చీలు తోసుకుని లేచిపోయారు. వాళ్ళ మీద కోపం వచ్చినప్పుడల్లా తలుపు వెనక నిలబడ్డ ఆరో తరగతి పిల్ల గుర్తొస్తుంది. నమ్మినవాళ్ళు మాట్లాడారు. నమ్మి, భయపడి, నోరు మూసుకున్నదాన్ని నేను. ఆ పదహారు రోజులు నా ఖాతాలోవే.

అక్క మూడోసారికి పాసైంది, అత్తెసరు మార్కులతో. మా నాయనమ్మ మాత్రం పోయేదాకా ఒకటే చెప్పింది. రెండు ఆదివారాల మంత్రం పని చేసింది కాబట్టే సూది వికటించలేదని. తమ్ముడు ఆ కథ వింటూ పెరిగాడు.

వాడిప్పుడు మిర్యాలగూడలో ఉంటాడు, మనవరాలిని ఎత్తాడు. ఈ మధ్య వాళ్ళింటికి పోతే, పొద్దు వాలగానే డాబా మీద తీగల నుంచి చిన్న గౌన్లు, టోపీలు గబగబా తీస్తూ కనిపించాడు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు, తనంతట తానే తీస్తున్నాడు. ఎందుకురా అని అడిగాను.

"ఏమో అక్కా. తీస్తే పోయేదేముంది?"

ఏం పోతుందో వాడికి చెప్పాను. తలుపు వెనక నుంచి మొదలుపెట్టి, వాడు ఏడుపు మానేసిన రోజు, అమ్మ వాకిట్లో తిరిగిన చుట్టు, మొత్తం. వాడు చేతిలో గౌను పట్టుకుని విన్నాడు. చెప్పడం అయ్యేసరికి పొద్దు మునిగింది. వాడు తల వంచి తన పాదాల చుట్టూ చూసుకున్నాడు. మెల్లగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ చూసుకున్నాడు, అమ్మ చూసుకున్నట్టే.

నేనూ రోజూ చూసుకుంటాను. ఎవరైనా ఒక భయాన్ని తెచ్చి నా ముందు పెడితే, అది నిజమా అబద్ధమా అని ముందు వాదించను. బయటికి నడుస్తాను, అది నేల మీద ఎక్కడ పడిందో వెతుకుతాను. కనిపించకపోతే, బిడ్డను ఎత్తుకుని తెలిసినవాళ్ళ దగ్గరికి పోయే మొదటి బస్సు ఎప్పుడో అడుగుతాను.