కళె ఉండనివ్వండి

మొన్న ఎలక్ట్రానిక్ సిటీలో మా మనవరాలి ఫ్లాటుకు వెళ్ళినప్పుడు, బాల్కనీలో గులాబీ కుండీలో దానంతటదే మొలిచిన తుమ్మి మొక్క ఒకటి కనిపించింది. జానెడు ఎత్తు, కణుపు కణుపుకీ గుండ్రటి పచ్చటి గుత్తి, గుత్తి చుట్టూ బియ్యపుగింజల్లాంటి తెల్లటి పూలు. మనవరాలు దాని ముందు ఫోను పట్టి, పేరూ పుట్టుకా అన్నీ చదివి, "అవ్వా, ఇది కలుపు మొక్కంట. ఇది అంతరించిపోయే ప్రమాదమేం లేదంట, ఎక్కడపడితే అక్కడ వస్తుందంట. పీకేసేదా?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. పెళ్ళయి బెంగుళూరికి వచ్చిన కొత్తలో ఇదే ప్రశ్న నన్ను ఒకాయన అడిగాడు. అప్పుడు నాకది అర్థమే కాలేదు, అయినా జవాబు మాత్రం ధీమాగా చెప్పాను. ధీమాకేం, గుంటూరువాళ్ళకి అది పుట్టుకతోనే వస్తుంది.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. మా అత్తవారికి బళేపేటలో గాజుల అంగడి, అంగడి వెనకే ఇల్లు. తరాల నాడు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళే గానీ, అది తెలుగని నమ్మడానికి నాకు కొంతకాలం పట్టింది. "ఉంది" అనరు, "ఉండాది" అంటారు. సగం మాటలు కన్నడం నుంచి అరువు. మా అత్తయ్య నన్ను "ఏమప్పా" అని పిలిస్తే, నా వెనక ఎవరైనా మగాళ్ళు నిలబడ్డారేమోనని తిరిగి చూసేదాన్ని. ఆమెకు నా భాష అంతకన్నా వింత. ఇద్దరం సైగలతోనూ మొహమాటంతోనూ కాపురం నెట్టుకొస్తుండగా, పటాలంలో చేరిన మా మరిది బర్మా వైపు వెళ్ళి, నెలలు గడిచినా కబురు లేకుండా పోయాడు. అత్తయ్య పైకి ఏడవలేదు. కార్తీకమాసం ఆఖరి సోమవారం నాడు శివలింగం మునిగేదాకా తుమ్మిపూలు పోస్తానని మొక్కుకుంది. వాళ్ళు దాన్ని తుంబె అంటారు. అంత చిన్న పువ్వుతో లింగం మునగాలంటే ఎన్ని కావాలో ఆలోచించే స్థితిలో ఆమె లేదు.

తుమ్మిని మల్లెలాగా ఎవరూ పెంచరు, పూలంగట్లో అమ్మరు. దానికి ఎర్రమన్నూ, ఒక వానా, మనుషులు పట్టించుకోని చోటూ ఉంటే చాలు. చేని గట్లు, బీళ్ళు, బండిదారి అంచులు దాని కాపురం. తొలి వానలకు మొలిచి, చలికాలమంతా పూసి, గింజ రాల్చి, ఎండల్లో చచ్చిపోతుంది. అయితే ఆ ఏడు పట్టించుకోని చోటంటూ మిగలలేదు. తిండిగింజలు ఎక్కువ పండించాలని గట్లు కూడా దున్నేశారు. బీళ్ళలో పటాలం గుడారాలు వెలిశాయి. శ్రావణంలో అత్తయ్య జట్కా కట్టించుకుని, మొలకలైనా ఉన్నాయేమో చూసొస్తానని ఊరి చుట్టూ తిరిగి, ఉత్త చేతులతో వచ్చి, జ్వరంతో పడుకుంది. శివుడు నా పూలు వద్దంటున్నాడని గోడవైపు తిరిగి ఒకటే గొణుగుడు. వింటుంటే నాకు భయం వేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, దేవనహళ్ళి దారిలో ఉన్న మా మెట్టచేను చేసే పెద్దాయన ఇంటికొచ్చాడు. మామగారు అంగట్లో బేరం మధ్య ఉన్నారు, అత్తయ్య నిద్రపోతోంది. గడపలో నిలబడి నన్నే అడిగాడు.

"రాగిచేన్లో కళె శానా ఉండాది తల్లీ. ఆడమనుషులు దొరికేది కష్టంగా ఉండాది. తీపిచ్చేదా, ఉండనిచ్చేదా?"

కన్నడంలో కళె అంటే కలుపు అని నాకేం తెలుసు? మా వైపు కళ అంటే పెళ్ళికూతురి ముఖంలో ఉండేది. చేనికి అంత కళ వచ్చిందని సంతోషిస్తూ, దాన్ని తీయించడమేమిటని ఈయన తెలివికి జాలిపడుతూ, "కళ ఉంటే మంచిదే కదండీ, ఉండనివ్వండి," అన్నాను. కొత్తకోడలు ఇంత దర్జాగా చెబుతోందంటే పెద్దలు అనుకున్న మాటే అయివుంటుందనుకుని ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అత్తయ్య లేచాక చేను బాగుందట అని చెప్పాను కూడా.

దసరా దాటాక మామగారు చేనికి వెళ్ళివచ్చి, తలపాగా తీసి మంచం మీద వేసి, కళె ఉండనిమ్మని ఎవరు చెప్పారని అడిగారు. నేనే అన్నాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. మా ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పారిపోయారు. రేషను రోజుల్లో రాగి సగం పోయిందంటే చిన్న సంగతి కాదు. పుట్టింటికి పంపించేస్తారని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శ్రావణం నుంచీ మంచం పట్టి ఉన్న అత్తయ్య గోడ పట్టుకుని లేచి కూర్చుంది.

"ఏం కళె అది? తుంబెనా?"

మామగారు తలూపారు. ఆమె మర్నాడే జట్కా పిలిపించింది, నన్ను వెంట రమ్మంది. బక్కచిక్కిన రాగి కంకుల కింద చేనంతా తెల్లగా ఉంది. అత్తయ్య ఆ మట్టిలోనే చతికిలబడి, కొడుకు పేరు పిలుస్తూ, నెలల తరబడి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఆ తర్వాత నా తలమీద చెయ్యి వేసి, "మీ వైపు మాటే సరిగా ఉండాదప్పా, ఇది కళే," అంది.

ఆఖరి సోమవారానికి ముందు బుట్టలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. నేను ఉత్సాహంగా దూసేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అన్నీ కోయొద్దప్పా. ఇది ఏడాదికే సచ్చే చెట్టు. ఇత్తనం రాలకపోతే వచ్చే ఏడు ఏడ ఉంటాది?" అంది. లింగం మునిగింది, మొక్కు తీరింది. ఆ ఏడు సంగటి ముద్ద చిన్నదైనప్పుడల్లా, ఈ పూట కూడా కోడలి కళే తిందామని మామగారు నన్ను ఆటపట్టించేవారు.

యుద్ధం ముగిశాక మరిది ఎముకలగూడులా తిరిగొచ్చాడు. తనను బతికించింది మలేరియాకు మింగిన క్వినైన్ అని వాడూ, తుంబె అని అత్తయ్యా చాన్నాళ్ళు వాదించుకున్నారు. నేను మాత్రం ఎప్పుడూ అత్తయ్య పక్షమే. అప్పట్నుంచి ఏటా చేన్లో ఒక పట్టె కలుపు తీయకుండా వదిలేవారు. దానికి కోడలి పట్టె అని పేరు పడింది. ఆ చేను ఇళ్ళస్థలాలయ్యేదాకా తుమ్మి అక్కడ పూసింది.

లోకం మొత్తంలో దానికి ప్రమాదం లేదంటే సంతోషమే. మా కార్తీకానికి మాత్రం ఒక్క చేనే మిగిలిన రోజు నేను చూశాను. అందుకే మనవరాలికి ఉండనివ్వమనే చెప్పాను, ఈసారి అర్థం తెలిసే చెప్పాను. ఆ ఇంటికి నేను కొత్తకోడలిగా ఒక్కసారే వెళ్ళాను. ఏడాది నిండా బతకని తుమ్మి మాత్రం, కాస్త చోటు వదిలితే చాలు, ఏటా కొత్తకోడలై వస్తూనే ఉంది.