రోడ్డు దాటితేనే ముఖం

సుమేరా ముఖం చూడకముందే ఆమె చేతిపని నాకు బాగా తెలుసు. కొత్తగూడెంలో మా జిరాక్స్ షాపుకు ఎదురుగా, రోడ్డు అవతల, జావీద్ స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం ఉండేది. వాళ్ల నాన్న రహీం సాబ్ బతికున్నప్పుడు దుకాణాల బోర్డులు, గోడల మీద రాతలు రాసేవారు. ఆయన పోయాక జావీద్ పెళ్లి కార్డులతో మొదలుపెట్టి, సంచుల మీదుగా టీషర్టుల్లోకి దిగాడు. టీషర్టు మీద బొమ్మ అచ్చు వేయాలంటే ముందు ఆ బొమ్మ పల్చటి ట్రేసింగ్ కాగితం మీద నల్లగా రావాలి. దానికి లేజర్ ప్రింటర్ కావాలి. అది వాళ్ల దగ్గర లేదు, నా దగ్గర ఉంది. అందుకని జావీద్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, కాగితాలు చుట్టచుట్టి పట్టుకుని తరచూ రోడ్డు దాటి వచ్చేవాడు.

నన్ను ఆ షాపులో కూర్చోబెట్టింది మా ఆయన. నా తెలివి మీద నమ్మకంతో అనుకునేరు, అదేం కాదు. గనిలో షిఫ్టు దిగి వచ్చాక ఆయనకు క్వార్టర్‌లో పడుకోవాలి, షాపు మాత్రం తెరిచి ఉండాలి. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కుర్చీకి కట్టేసినట్టు కూర్చోవడం అంటే ఏమిటో నాకూ కొంత తెలుసు. కాకపోతే నా కుర్చీ రోడ్డు వైపు ఉంది.

మొదటిసారి ఒక ఆటగాడి బొమ్మ ప్రింటు తీసినప్పుడు కాగితం నిండా చుక్కలే వచ్చాయి. ప్రింటర్ పాడైందనుకుని సిరాపొడి డబ్బా విప్పేశాను. చేతులన్నీ మసి అయ్యాయి.

"మిషిన్ ఖరాబ్ కాలే శారదక్కా, అది గట్లనే ఉంటది," అని జావీద్ ఒకటే నవ్వు.

సంగతి ఏమిటంటే, అచ్చు వేసే సిరా ఒక్కటే నలుపు. అందులో లేత నలుపు, ముదురు నలుపు అంటూ ఉండవు. పడితే నలుపు, పడకపోతే బట్ట. మరి మనిషి బుగ్గ మీద నీడ ఎలా రావాలి? నీడ పల్చగా ఉన్నచోట చిన్న చుక్కలు, చిక్కగా ఉన్నచోట పెద్ద చుక్కలు వేస్తారు. కంటికి అవి కలిసిపోయి బూడిదరంగు నీడలా కనిపిస్తాయి. దాన్ని హాఫ్‌టోన్ అంటారట. ఫొటోషాప్‌లో చేస్తారట.

"ఎవరు చేస్తరు?" అన్నాను.

"హైదరాబాద్‌ల చేపిస్తనక్కా. మెయిల్‌ల వస్తయి."

ఏడాదిపాటు నమ్మాను. ఒకరోజు మా వీధిలో పొద్దున్నుంచి కరెంటు లేదు. సాయంత్రం జావీద్ వచ్చి, కరెంటు లేక డిజైన్ సగంలో ఆగిపోయింది, రేపు వస్తానన్నాడు.

"కరెంటు పోయింది కొత్తగూడెంల. డిజైన్ హైదరాబాద్‌ల ఎందుకాగింది తమ్మీ?"

జావీద్ తల గోక్కున్నాడు. "మా ఇంటామె చేస్తదక్కా. ఎవరికి చెప్పకు. హైదరాబాద్ డిజైన్ అంటెనే గిరాకి వస్తది."

ఆ ఇంటామె సుమేరా. పుట్టింది ఇల్లందులో. ఇంటర్ అయ్యాక అక్కడి కంప్యూటర్ సెంటర్‌లో డీటీపీ, ఫొటోషాప్ నేర్చుకుంది. సంబంధం చూసినప్పుడు ఆ సర్టిఫికెట్ చూసే జావీద్ వాళ్లు మురిసిపోయారట. నలుగురిలో కూర్చుని పనిచేయొచ్చని ఆమె కూడా మురిసింది. పెళ్లయ్యాక తెలిసింది, హైదరాబాద్ అంటే దుకాణం వెనక గది అని.

నేను ఒకసారి ప్రింటు ఇచ్చే వంకతో లోపలికి వెళ్లాను. అచ్చు వేసే జల్లెడగుడ్డ ఫ్రేములకు మందు పూసి ఆ గదిలోనే ఆరబెడతారు. వెలుగు తగిలితే ఆ మందు గట్టిపడి ఫ్రేము పనికిరాకుండా పోతుంది కాబట్టి కిటికీకి నల్ల పెయింటు కొట్టి మేకులు దిగ్గొట్టారు. పైన పసుప్పచ్చ బల్బు ఒకటి. ఒక గోడకు కంప్యూటర్ బల్ల, రెండో గోడకు ఫ్రేముల అర. కుర్చీ కొంచెం వెనక్కి జరిపితే అరకు తగులుతుంది. పసుపు వెలుగులో ఆ పిల్ల కామెర్లు వచ్చినదానిలా కనిపించింది.

"నాకు ఒక్కటే కావాలక్కా," అంది మాట కలిసిన కాసేపటికే. "ఈ బల్లను తీస్కపోయి కౌంటర్ పక్కన వెయ్యాలె. ఫ్రేములకు చీకటి కావాలె, నాకెందుకు? అడిగితే బొగ్గు లారీలు పోతయి, దుమ్ము వడి కంప్యూటర్ ఖరాబైతదంటడు. నా కండ్లు ఖరాబైతె?"

నాకు ఒళ్లు మండింది. దుమ్ము కాదు, ఏమీ కాదు. ఆమె బయట కూర్చుంటే హైదరాబాద్ అబద్ధం బయటపడుతుంది, అంతే. ఇంటి కట్టుబాటు అని కూడా అనలేం. ఆమె అత్త ఇమాంబీ రోజూ కౌంటర్ దగ్గరే కూర్చుని వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెబుతుంది.

సుమేరా తన పని చూపించింది. ఫొటోను ముందు తెలుపు నలుపు చేస్తుంది. మన ప్రాంతపు ముఖాలు ముదురు చాయ కాబట్టి వాటిని కొంచెం తేల్చి పెడుతుంది, లేకపోతే చుక్కలన్నీ అంటుకుని ముఖం మసిగుడ్డ అయిపోతుంది. బట్ట సిరా తాగి ప్రతి చుక్కా ఉబ్బుతుంది, అందుకని చుక్కను ఒక పిసరు తక్కువగానే వదలాలి. చుక్కల వరసలను ఏటవాలుగా తిప్పాలి, నేరుగా పెడితే ఫ్రేము జల్లెడతో కలిసి గళ్లగళ్ల మచ్చలు లేస్తాయి. ఇవన్నీ చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారిపోయింది. గది సంగతి మరిచిపోయినట్టుంది.

"అంత ఎర్కనే గాని, ఎట్ల వచ్చిందో నాకే తెల్వదక్కా," అంది. "చుక్కలను దూరంకెళ్లి చూడాలె. గీ గదిల దూరం ఏడుంది? కంప్యూటర్ మీద చిన్నగ చేసి చూస్తె ఉత్త గళ్లు కనవడ్తయి. టీషర్టులేమో మూటగట్టి అటునుంచి అటే పంపిస్తరు. నేను చేసిన మొఖం ఒక్కటి గూడ నేను చూడలే."

దూలయ్య వచ్చింది ఆ వేసవిలోనే. భద్రాచలం అవతల అడవిలోని కోయ గూడెం ఆయనది. కొడుకు గోపాలు వాలీబాల్ బాగా ఆడేవాడట. అంతకుముందు ఏడాది పాల్వంచ రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. ఊరి కుర్రాళ్లు గోపాలు పేరు మీద పోటీలు పెట్టి, అతని ముఖం వేసిన టీషర్టులు తొడుక్కుని ఆడాలనుకున్నారు. వాళ్లు ఫొటో ఇచ్చి వెళ్తే, నమూనా చూడడానికి తండ్రే బస్సెక్కి వచ్చాడు. నేను అప్పుడు జావీద్ కౌంటర్ దగ్గరే ఉన్నాను, కాగితాలు ఇవ్వడానికి వెళ్లి.

హైదరాబాద్ డిజైన్ అని గొప్పగా చెబుతూ జావీద్ తెల్ల టీషర్టును కౌంటర్ మీద పరిచాడు. దూలయ్య వంగి, కళ్లు దగ్గరగా పెట్టి చూశాడు. చూసి వెనక్కి జరిగి చెప్పులు వదిలేశాడు. రెండు చేతులూ జోడించాడు.

"అమ్మతల్లిని ఎందుకు పోసిన్రు నా కొడుక్కి?" అన్నాడు. "వానికెన్నడు పొయ్యలే. లారీ కిందవడ్డడు. మొఖమంత అమ్మతల్లేంది?"

జావీద్‌కు అర్థం కాలేదు గానీ నాకు వెంటనే అర్థమైంది. ఒంటిమీద పొక్కులు లేస్తే మా వైపు జబ్బు పేరు ఎత్తరు, అమ్మతల్లి పోసిందంటారు. ఇంట్లో తాలింపు పెట్టరు, గుమ్మానికి వేపమండలు కడతారు. ఆ ముసలాయన కంటికి కొడుకు ముఖం నిండా పొక్కులే కనిపించాయి. ఆ మాటే జావీద్ చెవిలో వేశాను.

"గిది ఏసుకుంటె ఊరి పోరగాండ్లందరి రొమ్ముల మీద తల్లిని కూసోవెట్టినట్టే. నాకద్దు. నా కొడుకు ఫొటో నాకియ్యి."

"అయ్యో, అవి పొక్కులు కాదు, చుక్కలు! డిజైన్ గట్లనే ఉంటది," అన్నాడు జావీద్.

"ఎవడు చేసిండు? హైదరాబాదోడంటివి గదా. వాణ్ని వచ్చి నాకు చెప్పమను."

జావీద్ వెనక గది వైపు చూశాడు. లోపల కర్టెన్ కదిలింది. సుమేరా బయటికి వచ్చింది. జావీద్ "లోపలికి పో" అన్నాడు గానీ చిన్నగా అన్నాడు. ఆమె వినలేదు. టీషర్టు తీసి అతని చేతుల్లోనే పెట్టింది.

"గుమ్మంల నిలవడి పట్టుకో. పెద్దయ్యా, నువ్వు నాతోని రా. దగ్గరికెళ్లి చూడొద్దు అది."

ఆయన చెప్పులు తొడుక్కునే దాకా ఆగి, దూలయ్య మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి మా షాపు మెట్ల మీదికి తీసుకొచ్చింది. వాళ్ల వెనకే నేనూ పరుగెత్తాను. ఇద్దరూ వెనక్కి తిరిగారు. సరిగ్గా అప్పుడే బొగ్గు లారీ ఒకటి అడ్డంగా వచ్చింది. అది పోయాక, అవతల జావీద్ ఛాతీ మీద గోపాలు ఉన్నాడు. కళ్ల కింద నీడ, పెదవి చివర మడత, నుదుటి మీద వాలిన జుట్టు. ఒక్క చుక్క లేదు.

దూలయ్య ఒక్క మెట్టు కిందికి దిగాడు. "నవ్వుతుండు," అన్నాడు. "మావోడు గట్లనే నవ్వుతడు." మెట్టు మీద కూలబడి తుండు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

సుమేరా మాత్రం కళ్లు తిప్పకుండా చూస్తోంది. "అక్కా," అంది, "గిది నేను చేసిందేనా?"

దూలయ్య తలెత్తాడు. "హైదరాబాదోడు ఎవడు బిడ్డా?"

"ఎవడు లేడు పెద్దయ్యా. నేనే."

పదిరోజులు తిరిగేసరికి ఆ మాట బజారంతా పాకింది. జావీద్ పనిమంతురాలైన పెళ్లాం గురించి అందరూ అడగడమే. అబద్ధం ఎలాగూ పోయింది, ఇక బల్ల బయటికి వస్తుందని సుమేరా ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. కౌంటర్ పక్కన పాత డబ్బాలు తీసి చోటు కూడా చేసుకుంది. ఇంతలో బస్టాండ్ దగ్గరి ప్రింటింగ్ షాపాయన ఒకడు వచ్చి, "మీ ఆమెను మాకు గూడ జర పంపియ్యరాదు" అని పళ్లికిలించాడు. వాడిది వేళాకోళమే. జావీద్‌కు మాత్రం గుండెల్లో రాయి పడింది. పనితనం తెలిస్తే ఎవరైనా ఎగరేసుకుపోతారని అతని భయం.

ఒక సాయంత్రం నన్ను పిలిచి మరీ చూపించాడు. గదిలో ఫ్రేముల అర పక్కన గోడకు నిలువెత్తు అద్దం బిగించాడు. ఇమాంబీ పెళ్లినాటి బీరువా తలుపుది.

"దూరం లేదు దూరం లేదని ఒకటే గోల గదా అక్కా. అద్దంల చూస్తె దూరం డబుల్ అయితది. ఇంక బయటికి పోయే పనే లేదు."

"నా పెళ్లి అద్దమే ఇప్పిచ్చిన. ఇంకేం కావాలె?" అంది ఇమాంబీ గర్వంగా.

ఇద్దరి ముఖాల్లోనూ నిజమైన సంతోషమే. అదే నాకు భరించలేనిదిగా అనిపించింది. చెడ్డవాళ్లయితే నాలుగు తిట్టి బయటికి వచ్చేదాన్ని. సుమేరా కుర్చీలోంచి అద్దంలోకి చూస్తూ ఉంది. అందులో పసుపు బల్బులు రెండయ్యాయి. నల్ల కిటికీలు కూడా రెండు. నేను ప్రింటర్ వేడెక్కుతోందని అబద్ధమాడి వచ్చేశాను.

ఆ తర్వాత వచ్చిన పెద్ద పని ఇల్లందు కబడ్డీ జట్టుది. పులి తల కావాలన్నారు. జావీద్ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. ప్రింటు తీస్తే నేనే బిత్తరపోయాను. ఒక్కో చుక్క కందిగింజంత ఉంది. ఏమీ అనకుండా ఇచ్చేశాను. మర్నాడు జావీద్ నమూనా టీషర్టు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"ఏందక్కా, నీ మిషిన్ ఖరాబైందా? పులి లేదు గిలి లేదు, కందులు ఆరబోసినట్టుంది. అద్దంల చూసిన, గంతే."

సుమేరా లెక్క తప్పే మనిషి కాదు. నాకు నవ్వు వచ్చింది, బిగబట్టుకున్నాను.

"మిషిన్ మంచిగనే ఉన్నది. గింత పెద్ద చుక్క అద్దంల కనవడది తమ్మీ. రోడ్డు దాటి చూడాల్సిందే. చేసినామెనే చూడాలె, నువ్వు చూస్తె ఏం తెలుస్తది?"

కబడ్డీ వాళ్లకు మరునాడే సరుకు ఇవ్వాలి. జావీద్ అటూ ఇటూ చూశాడు. ఇక చేసేదేమీ లేక వెళ్లి ఆమెను పంపాడు. తాను గుమ్మంలో నిలబడి టీషర్టు ఛాతీకి అడ్డంగా పట్టుకున్నాడు.

సుమేరా మా మెట్ల మీదికి వచ్చి నా పక్కన నిలబడింది. అక్కడి నుంచి పులి బ్రహ్మాండంగా ఉంది. మీసాలు, కోరలు, కంటిలో మెరుపు, అన్నీ ఉన్నాయి. నాకు చూడగానే కనిపించింది.

"వచ్చిందా?" అని అరిచాడు జావీద్.

"రాలే. జర వెనక్కి జరుగు," అంది సుమేరా.

అతను దుకాణంలోకి ఒక అడుగు వేశాడు. భద్రాచలం బస్సు ఒకటి నిండుగా వెళ్లింది. కిటికీలోంచి ఎవరిదో ఎర్ర చున్నీ ఎగురుతోంది. పక్క బండి దగ్గర మిర్చిబజ్జీలు వేగుతున్నాయి. సుమేరా ఆ వాసన పీల్చింది. ఎండలో కళ్లు చికిలించి బస్సు మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ఆకాశం చూసింది.

"ఇప్పుడు వచ్చిందా?"

ఆమె నా వైపు తిరిగింది. నేను నోరు విప్పలేదు. అవతల జావీద్ చేతులు నొప్పెట్టి టీషర్టు మెల్లగా కిందికి జారుతోంది.

"ఇంకా రాలే," అంది.