పక్కింటి గిన్నె

నిన్న మధ్యాహ్నం ఫోన్లో ఏదో తిప్పుతుంటే ఒక పాత జపాన్ సినిమా ముక్క కంటబడింది. నలుపు తెలుపు బొమ్మ. ఇద్దరు ముసలివాళ్లు వసారాలో పక్కపక్కన కూర్చుని వాన చూస్తుంటారు, అంతే. రెండోవాడు లేచి వెళ్లిపోతాడేమోనని మొదటివాడికి భయం, కానీ పైకి అనడు. ఈ సినిమా నేను యాకుత్‌పురాలోని మా ఇంట్లో పక్కింటి భాయ్‌తో కలిసి నాలుగైదుసార్లు చూశాను.

భాయ్‌ది చార్మినార్ దగ్గర గడియారాలు బాగుచేసే పని. శుక్రవారం నమాజు అయ్యాక మా ఇంటికి వచ్చేవాడు. సినిమాలో మాటలకు కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. రైల్వేలో గుమాస్తాగా చేసినవాణ్ని, కాగితం కనబడితే చదవకుండా ఉండలేను. పైకి చదివి అర్థం చెబుతుంటే ఆయనకు చిరాకు. "చదువకు అన్నా. మొఖాలు చూడు, అన్ని సమజైతయి" అనేవాడు. వంటింట్లోంచి మా ఇంటామె నవ్వేది. ఇంటి పక్క పట్టాల మీద రైలు పోతున్నప్పుడు టీవీ వినబడేది కాదు గానీ, జపాన్ మాటలే కాబట్టి మాకు పెద్ద నష్టం లేదు.

మా రెండిళ్ల మధ్య గిన్నెలు తిరుగుతుండేవి. వాళ్ల దాల్చా వచ్చిన గిన్నెలో మా పులిహోర వెళ్లేది. ఖాళీ గిన్నె తిరిగివ్వడం మా గల్లీలో ఎవరూ చేయరు. మా ఇంటామె పోయిన పదిహేనో రోజున భాయ్ ఇంటి నుంచి ఖిచిడీ వచ్చింది. తిన్నాను, రుచి తెలియలేదు. ఏడుపూ రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టు ఉండేది. గిన్నె తోమి అలమారలో పెట్టాను. అందులో ఏం పెట్టి ఇవ్వను? నాకు వంట రాదు. ఆమె తన చేత్తో వండి పెట్టి పంపే గిన్నెలో దుకాణం మిఠాయి పెట్టడానికి మనసొప్పలేదు. వారం కాస్తా నెలైంది. సిగ్గేసి శుక్రవారాలు తలుపు వేసుకున్నాను. భాయ్ రెండుసార్లు తట్టి మానేశాడు. ఆ తర్వాత గల్లీలో ఎదురైతే దూరం నుంచే సలాం. ఏడాదిగా అదీ లేదు. ఎదురుగా వచ్చినా పలకరించకుండా పోతుంటే, కోపం ముదిరిందనుకున్నాను. అలా మూడేళ్లు.

నిన్న ఆ ముక్క చూశాక లేచి, గిన్నెలో గుప్పెడు చక్కెర పోసుకుని వెళ్లాను. భాయ్ మంచం మీద కూర్చునున్నాడు. నా గొంతు విన్నాకే గుర్తుపట్టాడు. గిన్నె చేతికిస్తే అంచు తడిమి చూశాడు.

"దీనికోసమా అన్నా రాలే? నా మీద నారాజ్ ఉన్నవనుకున్న."

"ఖాళీగ ఎట్ల తెద్దు భాయ్?"

"ఖాళీగనే రావాలె ఉండె."

ఆ సినిమా పెట్టనా అని అడిగాను. ఆయన నా చెయ్యి వెతికి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పెట్టు. గని నువ్వు చదువాలె. ఏడాది సంది మొఖాలు కనవడ్తలేవు నాకు."

చదివాను, ఒక్క మాట వదలకుండా. గిన్నె అయితే ఇచ్చేశాను గానీ, ఆయనకు చూపున్న ఆ రెండేళ్ల శుక్రవారాలు ఎందులో పెట్టి తిరిగివ్వాలో నాకు తెలియలేదు.