పొయ్యి వెలగని పూట

నా చిన్నప్పుడు మా ఊరి వరిచేలకు దోమపోటు తగిలిన ఏడాది, మందు కొట్టడానికి విమానం వచ్చింది. ఎక్కడ మళ్ళాలో పైలట్‌కు తెలియడానికి మా నాన్నావాళ్ళు వెదురు కర్రలకు తెల్ల పంచెలు కట్టి గట్ల మీద నిలబడేవారు. విమానం తాటిచెట్ల మీదుగా దిగి వచ్చేది. పిల్లలం చేతులూపితే ఆయనా చెయ్యి ఊపేవాడు. నాకే ఊపాడంటే నాకేనని మేం కొట్టుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దున్నే రెక్క తాటిచెట్టుకు తగిలి, విమానం మా చేలోనే కూలిపోయింది. మా నాన్న పరుగెత్తి ఆయన్ని బయటకు తీసేసరికే ప్రాణం లేదు. చేతిలో ఉన్న పంచెనే కప్పి, బడి అరుగు మీద పడుకోబెట్టారు. తల్లి విశాఖపట్నంలో ఉందని, జీపులో తీసుకొస్తున్నారని కబురొచ్చింది.

ఊళ్ళో శవం ఉండగా ఎవరింట్లోనూ పొయ్యి వెలిగించకపోవడం మా ఆచారం. అది మనవాళ్ళకు గానీ పరాయివాడికి కూడానా అని కొందరు గొణిగారు. కులం తెలియదు, ఏ దేవుడికి మొక్కుతాడో తెలియదన్నారు. మా నాయనమ్మ వినిపించుకోలేదు. అరుగు ఊడ్చి, ఆయన తలవైపు దీపం పెట్టి అక్కడే కూర్చుంది.

"పేరు తెల్దు గానీ మన సేలో పడ్డాడు కదేటి. ఆళ్ళమ్మ వచ్చేసరికి మన ఇళ్ళల్లో తాలింపులు ఏగుతా ఉంటే, ఆ తల్లి పేణం ఏటైపోద్ది?" అంది.

ఇక గొణిగినవాళ్ళ ఇళ్ళల్లోనూ పొయ్యి వెలగలేదు; ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నాయనమ్మ పక్కన కూర్చున్నారు. నేను మాత్రం ఆకలికి ఆగే పిల్లను కాను. వేడన్నం కావాలని రాగం తీశాను. "ఆయన మనకేటవుతాడు?" అని నాయనమ్మనే నిలదీశాను. ఆమె కోప్పడలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నానబెట్టిన అటుకులు, బెల్లం నోట్లో పెడుతూ, "నీకు సెయ్యూపాడు కదే గుంటా! సుట్టం కాకపోతే ఊపుతాడేటి?" అంది. అప్పుడు అన్నం కోసం కాదు, ఆయన కోసం ఏడుపొచ్చింది.

పొద్దువాలే వేళకు తల్లి వచ్చింది. ఉత్తరాది మనిషి, మా భాష రాదు. అరుగు నిండా కూర్చున్న ఆడవాళ్ళను, పంచెను, దీపాన్ని చూసింది. ఊళ్ళో పొయ్యిలు వెలిగించని సంగతి జీపు డ్రైవరు ఆమె భాషలో చెప్పాడు. ఒక్క ఇంటి కప్పు మీదా పొగ లేని మా వీధిని తల తిప్పి చూసి, ఆమె నాయనమ్మ భుజం మీద వాలిపోయింది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు ఏడ్చారు.

పోయినేడు మా ఊరి రోడ్డు మీద, ఎక్కడి నుంచో వచ్చిన లారీ డ్రైవరు గుండె ఆగి చనిపోయాడు. అంబులెన్సు వచ్చేదాకా పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఉంచారు. కబురు వినగానే నేను లేచి గ్యాస్ పొయ్యి కట్టేశాను. మనవరాలు ఆకలంటూ వచ్చి, "ఆయన మనకేటవుతాడు మామ్మా?" అని అడిగింది.

"నువ్వు రోజూ లారీలకి టాటా సెప్తావు కదే. ఒక్కడైనా ఆరన్ కొట్టకుండా ఎల్లాడేటి?" అన్నాను, అటుకులు నానబెడుతూ. నాయనమ్మ గొంతే నా నోట పలికినట్టయి కళ్ళు తడిశాయి.

పిల్ల అటుకుల గిన్నె పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని అరుగు దగ్గరకు బయల్దేరింది.