మర మోత మాటున

ఎన్నికలొచ్చాయంటే పిండిమరాయనకి ఒళ్ళంతా పూనకమే, కానీ ఆ సంగతి పైకి పొక్కనిచ్చేవాడు కాదు. కనుబొమల దాకా పిండి పట్టిన ముఖంతో, గొట్టంలోంచి జారే వెచ్చటి పిండిని వేళ్ళ మధ్య నలిపి చూస్తూ, ఎవరేం మాట్లాడినా "అంతేగా మరి" అనేవాడు. తాతల నాటి నుంచీ ఆ వీధి వీధంతా నిచ్చెన గుర్తుదే. గొడుగు గుర్తు పేరెత్తినవాడికి అక్కడ మంచినీళ్ళు పుట్టవు. ఆయన మర ఆడాలంటే ఆ వీధి గింజలే రావాలి. మనసేమో గొడుగు మీద! అందుకే మర హోరెత్తగానే గింజల డబ్బా మీదికి వంగి, "గొడుగుకే జై!" అని గొంతు చించుకునేవాడు. ఆ మోతలో పక్కనున్న పెళ్ళానికి కూడా వినబడేది కాదు. పెదాలు కదలడం చూసి, పాట పాడుకుంటున్నాడనుకునేవారు.

ఓట్ల లెక్కింపు రోజు ఎదురు టీకొట్టు టీవీలో గొడుగు గెలిచిందని పడింది. ఇక ఆయనకి పట్టపగ్గాల్లేవు. రెండు చేతులూ పైకెత్తి, "గెలిచాం! గొడుగుకే జై!" అని అందుకున్నాడో లేదో, కరెంటు పోయింది. మర మూగబోయింది, కేక మాత్రం వీధి చివరిదాకా వెళ్ళింది. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా కొయ్యబారిపోయారు. అందరికంటే ముందున్న ఆయన మేనత్త, నిచ్చెన జెండా మోస్తూనే జుట్టు నెరిసిన మనిషి, మూతి బిగించుకుని విసవిసా దగ్గరికొచ్చింది. ఆయన చెవిలో నోరు పెట్టి, "ఒరేయ్ అల్లుడూ, కరెంటు రాగానే మర గట్టిగా వెయ్యరా," అంది. "నేనూ ఓసారి అరవాలి."