పుష్పలీలక్క వెతికిన గొంతు

దెయ్యాల సినిమాలంటే నాకు మొదటినుంచీ చులకన. తెల్ల చీర, విరబోసిన జుట్టు, కిర్రుమనే తలుపు చూసి జడుసుకునేవాళ్ళంటే మరీ చులకన. రెండువేల ఆరు జూలైలో ఒక సాయంత్రం పుష్పలీలక్కని నా మైక్రా కార్లో ఎక్కించుకుని అలాంటి సినిమాకే తీసుకెళ్ళానంటే, అది ఆమెను ఆటపట్టించడానికే. లండన్ దక్షిణాన క్రోయిడన్ శివార్లలో ఎవరో ఒక కార్ పార్కులో పెద్ద తెర కట్టి, ఎవరి కార్లో వాళ్ళు కూర్చుని చూసేలా ఏనాటిదో నలుపూ తెలుపూ ఇంగ్లీషు సినిమా వేస్తున్నారు. మాటలు కారు రేడియోలో వినాలి.

తొమ్మిది దాటినా వెలుతురు పూర్తిగా పోలేదు. తెరమీద బొమ్మ ఉతికి ఉతికి వెలిసిన బట్టలా ఉంది. దానికి తోడు చినుకులు. ఒక గబ్బిలం హీరోయిన్ మీదకి ఎగిరొచ్చింది. దానికి కట్టిన తాడు మా వరసదాకా కనబడుతోంది. నేను పడీపడీ నవ్వి పక్కకి చూస్తే, పుష్పలీలక్క కోటు చేతితో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏంటక్కా, తాడు కనపడుతుంటే కూడా భయమేనా?" అన్నాను.

"భయం కాదు విమలా. ఏంజెలినా వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు," అంది.

అప్పటికి ఐదేళ్ళుగా మేమిద్దరం ముసలివాళ్ళని చూసుకునే ఒకే కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాం. డ్యూటీల రోటాలో ఎక్కువగా ఒకే షిఫ్టు పడేది. అన్నేళ్ళలో ఆమె భర్త గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు. పేరు రత్నకుమార్. కూతురు ఏంజెలినాకి రెండేళ్ళప్పుడు కామెర్లతో పోయాడు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నేను అడిగేరకం కాదు, వాగేరకం. గుంటూరు మనిషిని, నోరు కాస్త ఎక్కువ. పుష్పలీలక్కది నెల్లూరు జిల్లా కావలి. రెండువేల ఒకటిలో సీనియర్ కేరర్‌గా వచ్చిన కొత్తలో, "నేను పైన రూములో ఉండాను, యాడికీ పోలా," అనేది. స్టాఫ్ రూములో ఆ మాటను నేను అనుకరించి చూపిస్తే తెలుగువాళ్ళందరూ నవ్వేవారు. ఆదివారం చర్చిలో తెలుగు ప్రార్థన అయ్యాక టీ దగ్గర కూడా అదే తంతు. ఆమె కూడా మాతో కలిసి నవ్వేది. ఏడాది తిరిగేసరికి "ఉన్నాను, ఎక్కడికీ వెళ్ళలేదు" అనడం నేర్చుకుంది. బాగుపడ్డావక్కా అని మెచ్చుకున్నాను కూడా.

ఆ సాయంత్రం సినిమా సగంలో రేడియో గొంతు తగ్గించి తన సంగతి చెప్పింది. ఆమె మద్రాసులో ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేసేది. రత్నకుమార్ కోడంబాకంలో చిన్న డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ అసిస్టెంటు. అక్కడికి వచ్చేవన్నీ నాసిరకం దెయ్యాల సినిమాలే. వేరే భాషలో తీసినవాటికి తెలుగు మాటలు అతికించి ఊళ్ళమీదకి వదిలేవారు. "పాడుబావిలో పెళ్ళికూతురు" అనే సినిమాకి పని జరుగుతుంటే, ఒక చిన్న పాత్రకి చెప్పాల్సిన మనిషి రాలేదు. మర్నాటికి థియేటర్ ఇంకొకరికి ఇచ్చేశారు. దాంతో రత్నకుమార్ మైకు ముందు నిలబడి తనే ఆ ముక్క చెప్పేశాడు.

"అప్పటికి ఏంజెలినా పాలు తాగే పిల్ల. మద్రాసు బయట సముద్రం రోడ్డులో ఇలాగే కార్లలో కూర్చుని చూసే హాలుంది. ఆ సినిమా అక్కడ మళ్ళీ వేశారని స్కూటర్ మీద తీసుకెళ్ళాడు. కార్లవాళ్ళు వెనక, స్కూటర్లవాళ్ళు ముందు. ఇసకలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. ఆయన ముక్క వచ్చినప్పుడు జనం ఒకటే గోల, ఈలలు. ఆయన వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసుకున్నాడు."

"ఏ పాత్ర?"

"నువ్వే చూద్దువుగాని, దొరికితే."

"గొంతు ఎలా ఉండేది?"

"బాగుండేది. ఖంగుమని ఉండేది," అంది. "రోజంతా ఊళ్ళోవాళ్ళ గొంతులు టేపుకి ఎక్కించిన మనిషి విమలా. తన గొంతు ఒక్క క్యాసెట్టులో కూడా లేదు. ఫోటోలున్నాయి. పిల్ల ఫోటో చూసి, నాన్న ఎలా మాట్లాడేవాడు అని అడుగుతుంది. ఎలా మాట్లాడేవాడని చెప్పను?"

ఆ సినిమా ఎలాగైనా సంపాదిద్దామక్కా అన్నాను.

అనడం తేలికే. మనదేశపు షాపులుండే సౌతాల్ తిరిగాం, హౌన్‌స్లో తిరిగాం, టూటింగ్ తిరిగాం. వీడియో షాపులన్నీ అప్పటికే ఫోన్ కార్డుల షాపులైపోయాయి. ఉన్నచోట హిందీ, తమిళం. తెలుగు అంటే నాలుగు పెద్ద హీరోల డీవీడీలు చూపించేవారు. పాడుబావి పేరు చెబితే షాపు కుర్రాళ్ళు మొహమొహాలు చూసుకునేవారు. సెలవున్నప్పుడల్లా పుష్పలీలక్క ట్రామెక్కి, రైలు మారి, ఎక్కడ పాత క్యాసెట్లున్నాయని వింటే అక్కడికి వెళ్ళొచ్చేది. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి "లేదు" అనేది, అంతే. ఆ "లేదు" ఎన్నిసార్లు విన్నానో నాకే గుర్తులేదు.

చివరికి మా ప్రార్థనకి వచ్చే ఒకాయన మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో ఆంజనేయప్రసాద్ గారని ఒక సాఫ్ట్‌వేర్ మనిషి ఉన్నాడని చెప్పాడు. కడప వైపాయన. మూసేస్తున్న ఒక వీడియో షాపు సరుకంతా తెచ్చుకుని గ్యారేజీలో పెట్టుకున్నాడట. రెండువేల ఏడు మార్చిలో, ఆ ఊరి రౌండబౌట్ కూడళ్ళలో తిరిగిన దారే మూడుసార్లు తిరిగి, వాళ్ళింటికి చేరాం. ఆయన నిచ్చెనెక్కి అట్టపెట్టెలు దించాడు. ఒక్కొక్క క్యాసెట్టూ పుష్పలీలక్క రెండు చేతులతో పట్టుకుని పేరు చదివింది. మూడో పెట్టె అడుగున దొరికింది. ఆమె అక్కడే కింద కూర్చుండిపోయింది.

"తీస్కపోండి మేడమ్," అన్నాడు ఆంజనేయప్రసాద్ గారు. "మా ఇంట్లో దయ్యాల సినిమాలంటే ఎట్లాగూ పడదు. టేపు మాత్రం పాతదయిపోయింది. జాగ్రత్తగా ఏసుకోండి."

పాత సామాన్లమ్మే చారిటీ షాపులో ఒక వీసీఆర్ కొన్నాం. ఆ ఆదివారం ప్రార్థన నుంచి నేరుగా పుష్పలీలక్క వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. ఏంజెలినాకి పదహారేళ్ళు. చిన్నప్పుడంతా మద్రాసులో ఇంగ్లీషు చదువుల హాస్టల్లో పెరిగి, పన్నెండేళ్ళకి అమ్మ దగ్గరికి వచ్చింది. పరీక్షలకి చదువుకుంటున్న పిల్లని పిలిచి కూర్చోబెట్టింది. తెలుగు మొత్తం అర్థమవుతుంది ఆ పిల్లకి, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. సినిమా ఎందుకో పిల్లకి చెప్పలేదు. వంటింట్లో నన్ను కూడా హెచ్చరించింది.

"ముందే చెబితే, తీరా ఆ ముక్క కోసేసి ఉంటే పిల్ల తట్టుకోలేదు. వచ్చాక చెబుతాను. నువ్వు ఊరుకో."

సినిమా మొదలైంది. నేను అనుకున్నదానికన్నా అధ్వానంగా ఉంది. కింద సౌతాల్ చీరల షాపు ప్రకటన పాకుతోంది. పెదాలు ఒకటంటుంటే మాట ఇంకోటి వస్తోంది. ఏంజెలినా కాళ్ళు పైకి పెట్టుకుని, చాన్నాళ్ళకి అమ్మతో కూర్చున్నందుకు కాబోలు, హుషారుగా ఉంది. జమీందారు వచ్చి ఉరిమినట్టు మాట్లాడాడు. ఖంగుమనే గొంతు, ఇతనే అనుకుని పుష్పలీలక్కని మోచేత్తో పొడిచాను. కాదని తలూపింది. పోలీసు ఇన్‌స్పెక్టరా అని చూశాను. కాదంది. నేను పెద్ద పాత్రలనే వెతుకుతున్నాను.

ఒక చెరకుతోట. తెల్లచీర కట్టిన దెయ్యం నిలబడి ఉంది. లాంతరు పట్టుకుని ఒక వాచ్‌మన్ వచ్చాడు.

"ఎవురమ్మా అది? చీకట్లో ఒక్కదానివే నిలబడుండావే. ఇంటికి పో తల్లీ, మీ నాయన ఎదురుచూస్తా ఉంటాడు."

అలవాటు. ఆ మాట చెవిన పడితే నా నోరు ఆగదు. "ఉండావే," అని సాగదీసి, "దెయ్యాన్ని కూడా నెల్లూరు బస్సెక్కించేట్టున్నాడే వీడు," అని పగలబడి నవ్వాను. నన్ను చూసి ఏంజెలినా కూడా నవ్వింది. దిండు కావిలించుకుని, "వై డజ్ హీ టాక్ లైక్ దట్? సో ఫన్నీ," అంటూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తెరమీద దెయ్యం చేతిలో వాచ్‌మన్ చచ్చిపోయాడు.

పుష్పలీలక్క లేచి టేపు ఆపింది.

"మీ నాయనే అది," అంది కూతురితో. నాన్న అనలేదు.

ఏంజెలినాకి ముందు అర్థం కాలేదు. ఫోటో ఉన్న గోడవైపు చూసింది, ఖాళీ టీవీ వైపు చూసింది. ఆ పిల్ల మొహంలో నవ్వు ఎలా పోయిందో నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

"ఐ లాఫ్డ్ ఎట్ హిమ్," అంది.

"నవ్వితే ఏమైందమ్మా? నవ్వాలనే చెప్పాడు. ఆరోజు అంతమంది నవ్వితే ఎంత మురిసిపోయాడో. నువ్వు నా ఒళ్ళోనే ఉండావు." ఆ చివరి మాట అనేసి పుష్పలీలక్క ఉలిక్కిపడ్డట్టు ఆగిపోయింది.

"నువ్వు అలా మాట్లాడవు కదా మమ్," అంది ఏంజెలినా. తెలుగులోనే అంది. "నా దగ్గర నువ్వు ఎప్పుడూ అలా మాట్లాడలేదు. నాకు ఎలా తెలుస్తుంది?"

"ఆ మాట ఇక్కడికొచ్చాక పోయింది," అంది పుష్పలీలక్క.

అంతే అంది. నా వైపు చూడలేదు. చూసి రెండు తిట్టినా నాకు తేలికయ్యేది. ఆ ఇంట్లో ఆ మాట బతికి ఉంటే, పిల్ల దానికి నవ్వేదే కాదు. అమ్మ మాటలాగే ఉందే అనుకునేది. నాన్న గొంతు మొదటిసారి విన్న క్షణాన నవ్వడం నేనే నేర్పాను. సంపాదించిపెట్టిందీ నేనే, పాడు చేసిందీ నేనే.

ఊరుకోవడం నాకు చేతకాదు కదా. "అది కాదమ్మా ఏంజీ, ఆంటీ ఏదో సరదాకి..." అని మొదలుపెట్టాను.

"ఆంటీ, మీరు మాట్లాడొద్దు," అంది ఏంజెలినా. గట్టిగా కాదు, బతిమాలుకున్నట్టు అంది.

వెళ్ళి టీవీకి ఆనుకునేంత దగ్గరగా నేలమీద కూర్చుని టేపు వెనక్కి తిప్పింది. వాచ్‌మన్ మళ్ళీ వచ్చాడు. లాంతరు ఎత్తి, ఇంటికి పో తల్లీ అన్నాడు. పిల్ల మళ్ళీ వెనక్కి తిప్పింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.